కానుక పుచ్చుకోని గుడి – ఒక చిలుకూరు యాత్ర



మన దేవాలయాల చరిత్ర అంటే చాలావరకు దానాల చరిత్రే. రాజు భూమి ఇచ్చాడు, శాసనం చెక్కించాడు. రాణి అఖండదీపానికి గొఱ్ఱెలను ఇచ్చింది, శాసనం వేయించింది. వర్తకుడు తన రాబడిలో ఒక పాలు ఇచ్చాడు, అతని పేరూ రాతికెక్కింది. తిరుమల కొండమీద పల్లవ వంశపు సామవాయి సమర్పించిన వెండి విగ్రహాన్ని గురించి గాని, 1513 మొదలు ఏడు పర్యాయాలు కొండెక్కిన కృష్ణదేవరాయల కానుకలను గురించి గాని మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం ఆ రాళ్ళే. ఆ కాలంలోనే కాలినడకన వచ్చి, చేతులు జోడించి, ఇచ్చుకోవడానికి ఏమీ లేక తిరిగి వెళ్ళిన యాత్రికులు లెక్కకు మిక్కిలి. వారు ఏ రాతిమీదా లేరు.

మరి కానుకే పుచ్చుకోని గుడి ఒకటి ఉంటే? ఐదు వందల యేండ్ల తరువాత వచ్చే చరిత్రకారుడు దాని కథను దేనినిబట్టి రాస్తాడు?

ఈ ప్రశ్న నన్ను పట్టుకోవడానికి కారణం మా ఇంటి చెక్కబీరువాలో దొరికిన ఒక చిన్న అట్టముక్క. దానిమీద 1 నుంచి 108 దాకా అంకెలు గళ్ళలో అచ్చువేసి ఉన్నాయి. 47వ గడి దాకా పెన్సిలు గీతలున్నాయి. ఆపైన అంతా ఖాళీ. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళినవారికి ఆ అట్ట ఏమిటో చెప్పనక్కరలేదు. తెలియనివారికి చెబుతాను. మొదటిసారి వెళ్ళినవారు మనసులో కోరిక అనుకొని 11 ప్రదక్షిణలు చేస్తారు. కోరిక తీరినాక తిరిగి వచ్చి 108 చేస్తారు. లెక్క తప్పకుండా ఈ అట్టమీద గుర్తులు పెట్టుకుంటారు. నాకు దొరికిన అట్ట నా భార్యది. ఆమె పోయి మూడేళ్ళయింది.

2006లో మా అబ్బాయికి అమెరికా వీసా రావాలని ఆమె 11 ప్రదక్షిణలు చేసింది. వీసా వచ్చింది. అబ్బాయి వెళ్ళిపోయాడు. ఆ డిసెంబరులో మొక్కు తీర్చుకోవడానికి ఇద్దరం వెళ్ళాం. నేను ప్రాకారం పక్కన అరుగుమీద కూర్చున్నాను. నాకు బడిలో అర్ధవార్షిక పరీక్షల జవాబు పత్రాలు దిద్దవలసి ఉన్నాయి. పొద్దు వాలుతున్నది. "ఇంకా ఎన్ని?" అన్నాను. "అరవై ఒక్కటి" అన్నది. "మళ్ళీ వద్దాంలే, గుడి ఎక్కడికి పోతుంది?" అన్నాను. ఆమె మారుమాట లేకుండా అట్టను సంచిలో పెట్టుకున్నది. మేము కాపురముండే చేవెళ్ళకు చిలుకూరు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ తరువాత పదిహేనేండ్లలో ఆమె చాలాసార్లు గుర్తుచేసింది. నేను చాలాసార్లు వాయిదా వేశాను.

మొన్న 2025 డిసెంబరులో ఆ అట్టను జేబులో పెట్టుకొని ఒంటరిగా బయలుదేరాను. ఇది ఆ యాత్ర కథ. తెలుగు పండితుణ్ణి గనుక దారిలో కనిపించిన రాళ్ళనూ మాటలనూ పలకరించకుండా పోలేను, ఓపిక పట్టగలరు.

చేవెళ్ళ నుంచి హైదరాబాదు వైపు వచ్చే రహదారికి ఇరుప్రక్కలా ఉన్న మఱ్ఱిచెట్లను చూసినవారు మరచిపోరు. మన్నెగూడ నుంచి పోలీసు అకాడమీ కూడలి దాకా, నలభై ఆరు కిలోమీటర్ల పొడవున సుమారు 900 చెట్లని లెక్క. నిజాం కాలంలో నాటారని పెద్దలు చెబుతారు. బాటసారికి నీడ కావాలని నాటిన చెట్లు ఇప్పుడు బాటకే అడ్డమయ్యాయన్న వాదం వచ్చింది. రోడ్డు వెడల్పు చేయాలంటే చెట్లు తీయాలి. చెట్లు నిలవాలంటే రోడ్డు ఇరుకుగా ఉండాలి. ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునలు దాకా వెళ్ళారు. 2025 నవంబరు 3న చేవెళ్ళ మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఢీకొని ఆర్టీసీ బస్సులోని ప్రయాణికులతో సహా 19 మంది దుర్మరణం పాలయ్యారు. ఆ తావు దగ్గర మా బస్సు నెమ్మదించినప్పుడు లోపల మాటలు ఆగిపోయాయి. ముందు సీటులో ఉన్న ఆవిడ చేతులు జోడించింది. యాత్ర అన్నది క్షేమంగా చేరడంతోనే సగం పూర్తయినట్టు అని మన పూర్వులు ఊరకే అనుకోలేదు.

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాల నుంచి నగరంలోని గుడిమల్కాపురం అంగడికి పూలు వెళతాయి. నా బస్సులోనూ బంతిపూల గంపలు రెండున్నాయి. మొయినాబాదు దాటి హిమాయత్‌నగర్ చౌరస్తాలో దిగాను. "గుడికాడికేనా సారూ? ఎక్కుండ్రి" అన్నాడు ఆటో అబ్బాయి. ఈ ప్రాంతంలో మూడు దశాబ్దాలు పాఠం చెప్పాను గాని అతడు నా శిష్యుడు కాడు. అక్కడ దిగినవాడు గుడికి తప్ప మరెక్కడికీ పోడని అతని అనుభవం.

గుడికి పోయేముందు మొయినాబాదు మండలంలోనే ఉన్న మరొక ఊరి ముచ్చట చెప్పాలి. ఆ ఊరు ఎనికేపల్లి. 2024 ఆరంభంలో అక్కడి చెరువు తూములో రెండు చతురస్రాకార జైన స్తంభాలు వెలుగులోకి వచ్చాయి. పురావస్తు పరిశోధకులు ఈమని శివనాగిరెడ్డి గారు వాటిని పరిశీలించి 9–10 శతాబ్దుల నాటివని ప్రకటించారు. ఒకటి గ్రానైటు, మరొకటి నల్ల బసాల్టు. నాలుగు ముఖాల మీద ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, వర్ధమాన మహావీరుడు. వాటిమీది తెలుగు-కన్నడ లిపి శాసనాలలో కనబడుతున్న భాగం చిలుకూరులోని జైన బసదిని పేర్కొంటున్నదని ఆయన చెప్పారు. స్తంభాలు తూము గోడలో బిగుసుకొని ఉండడం వలన తక్కిన అక్షరాలను పూర్తిగా చదవడానికి వీలుపడలేదు.

ఇది రాష్ట్రకూటుల ఏలుబడి కాలం. వారికి సామంతులై వేములవాడ చాళుక్యులు పాలించిన కాలం. జైనం అప్పుడు ఈ గడ్డమీద బలంగా ఉండేది. వేములవాడ అరికేసరి ఆస్థానంలో కన్నడ ఆదికవి పంపడున్నాడు. అతని తమ్ముడు జినవల్లభుడు కరీంనగరు ప్రాంతపు కుర్క్యాల గుట్టమీద వేయించిన శాసనంలో మన తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయ్యకు నూరేండ్లకు పైబడిన ముందటి మాట అది. సోమదేవసూరి యశస్తిలక చంపువును 959లో ముగించింది కూడా ఈ వంశపు నీడలోనే. అటువంటి కాలంలో చిలుకూరు ఒక జైన క్షేత్రం. అక్కడ దొరికిన పార్శ్వనాథ విగ్రహాన్ని గోలకొండ దగ్గరి ఖజానా మ్యూజియంలో చూడవచ్చు.

మిత్రులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ స్తంభాలమీద శాసనం చెక్కించిన దాత ఏ భావంతో చెక్కించి ఉంటాడు? సూర్యచంద్రులున్నంత కాలం తన దానం నిలవాలనే కదా. బసది పోయింది. రాళ్ళు తరలి చెరువు తూముకు చేరాయి. శాసనమున్న ముఖం గోడలోకి పోయింది. దాత ఇచ్చిన ధర్మం మాయమైనా, అతని రాయి మాత్రం పొలాలకు నీళ్ళు వదిలే పనిలో నిలబడింది. అది చిన్న ధర్మమని నేననుకోను.

చిలుకూరు పేరును గురించి ఒక మాట. చిలుక, ఊరు అని విడదీసి అత్వసంధి చెప్పడం తరగతిలో తేలిక. కాని ఊరిపేర్లు వ్యాకరణం పుట్టకముందే పుడతాయి. అంత తేలికగా లొంగవు. సూర్యాపేట జిల్లాలో కోదాడ దగ్గర మరొక చిలుకూరు మండలం ఉన్నది. కనుక ఏ శాసనంలో చిలుకూరు కనిపించినా మన చిలుకూరే అని పొంగిపోరాదు. ఎనికేపల్లి రాయి మన చిలుకూరుకు పొరుగూరిలోనే దొరికింది గనుక ఆ చిక్కు లేదు.

ఇక స్థలపురాణం. ఈ ప్రాంతపు భక్తుడొకడు ఏటేటా తిరుపతికి నడిచి వెళ్ళి స్వామిని సేవించేవాడు. ఒక యేడు జబ్బుపడి కదలలేకపోయాడు. స్వామి కలలో కనబడి, నీవు బెంగపడకు, నేను నీ దగ్గరి అడవిలోనే ఉన్నాను అన్నాడు. కలలో చూపిన చోట పుట్టను తవ్వగా గునపం విగ్రహానికి తగిలి, గడ్డం కింద, ఎదమీద దెబ్బపడి నెత్తురు కారింది. పుట్టను ఆవుపాలతో తడిపి తీయమని వాక్కు వినిపించింది. అలా చేయగా శ్రీదేవీ భూదేవీ సమేతుడై స్వామి వెలువడ్డాడు.

గుడికి ఐదు వందల యేండ్లని ఒక మాట. గోలకొండ తానీషా మంత్రులైన అక్కన్న మాదన్నల కాలంలో కట్టారని మరొక మాట. ఈ రెండూ పక్కపక్కనే చెబుతారు గాని రెంటికీ పొసగదు. అక్కన్న మాదన్నలు హతులైనది 1686లో. మరుసటి ఏడే గోలకొండ ఔరంగజేబు వశమైంది. అంటే ఆ లెక్కన గుడికి మూడు వందల నలభై యేండ్లకు పైచిలుకు. స్వామి వెలసినది ముందు, గుడి కట్టినది తరువాత అని సర్దిచెప్పవచ్చు. భక్త రామదాసు మేనమామల పేరు ఎక్కడ వినబడినా గుడికి గౌరవమే గనుక ఆ ముచ్చట నిలిచిపోయిందనీ అనుకోవచ్చు. 1963లో ఇక్కడ అమ్మవారిని ప్రతిష్ఠించారు. అంతకు ముందటి యేడు చైనా దండెత్తి, తనంతట తానే వెనుదిరిగినందున అమ్మవారికి రాజ్యలక్ష్మి అని పేరుపెట్టారని ఆలయ సంప్రదాయం చెబుతుంది. మన దగ్గరి గుళ్ళలో చైనా యుద్ధాన్ని ఇట్లా తలుచుకునేది మరొకటి నేను చూడలేదు.

నాకు ఈ స్థలపురాణంలో నచ్చినది తారీఖు కాదు. యాత్ర చేయలేనివాడి దగ్గరకు దేవుడే యాత్ర చేసి వచ్చాడన్న ఊహ. తిరుమలలో ఆయన వడ్డికాసులవాడు. పెండ్లికి కుబేరుని దగ్గర చేసిన అప్పుకు వడ్డీ కడుతూ హుండీలో కాసులు పుచ్చుకుంటాడని కథ. చిలుకూరులో ఉన్నదీ ఆయనే. ఇక్కడ హుండీ లేదు. టికెట్టు లేదు. ప్రత్యేక దర్శనం లేదు. మంత్రి వచ్చినా మామూలు మనిషి వచ్చినా ఒకే వరుస. కదలలేని భక్తుడి కోసం వచ్చిన దేవుడు అతని దగ్గర బండి కిరాయి అడగలేదన్నమాట.

కాసులు వద్దు. మరేమి కావాలి? ప్రదక్షిణలు. దక్షిణమంటే కుడివైపు, దైవం మన కుడివైపు ఉండేట్టు తిరగడం ప్రదక్షిణం. దీనికి మన అచ్చ తెలుగుమాట ఒకటి ఉన్నది, ఇప్పుడెవరూ వాడడం లేదు: వలగొనడం. వల అంటే కుడి. కాడికి కట్టిన ఎడ్లలో కుడివైపుది వలపలది, ఎడమవైపుది దాపలది. చేవెళ్ళ రైతుల నోట ఇవే ఎలపట, దాపట అని వినబడతాయి. కావ్యాలలో మాత్రమే బతికి ఉన్నదనుకున్న మాట నా పాఠశాల వెనుక పొలంలో ఎద్దు పేరుగా వినిపించిన రోజున నేను పడిన సంతోషం మీకు చెప్పలేను.

గుడి గండిపేట ఒడ్డున ఉన్నది. ఈ చెరువు కూడా ఒక ప్రయాణం మిగిల్చిన గుర్తే. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, మన పురాణాల ముచుకుందా నది, 1908 సెప్టెంబరు 28న పొంగి హైదరాబాదును ముంచివేసింది. వేలమంది కొట్టుకుపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో నదికి అడ్డంగా కట్ట వేసి 1920లో ఉస్మాన్ సాగరును పూర్తిచేశారు. ఈసీ నదిమీది హిమాయత్ సాగరు 1927లో పూర్తయింది. వరద నుంచి నగరాన్ని కాపాడడానికి కట్టిన చెరువులు దాని దాహం కూడా తీర్చాయి.

ఇక్కడ ఒక కాకతాళీయాన్ని చెప్పాలి. 1996 మార్చి నెలలో చిలుకూరును తాకే రెండు నిర్ణయాలు పది పన్నెండు రోజుల తేడాతో వెలువడ్డాయి. మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చి, ఈ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాలలో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు కళ్ళెం వేసింది. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాల ఊళ్ళు అందులో ఉన్నాయి. మార్చి 19న సుప్రీంకోర్టు అర్చకుల వంశపారంపర్య హక్కును రద్దుచేసిన 1987 నాటి దేవాదాయ చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఒకటి చెరువు మీద ఆధారపడిన భూములది, మరొకటి గుడి మీద ఆధారపడిన కుటుంబాలది.

చల్లా కొండయ్య కమిషను సిఫార్సులను అనుసరించి వచ్చిన ఆ చట్టం ఉద్దేశం మంచిదే అని వాదించినవారున్నారు. పెద్ద గుళ్ళలో హుండీ సొమ్ము ఎవరి చేతుల్లోకి పోతున్నదో చూసినవారు ఆ వాదాన్ని కొట్టిపారేయలేరు. కాని ఒక ధూపదీపమే గగనమైన పల్లె గుడిలో తరతరాలుగా కనిపెట్టుకొని ఉన్న అర్చకునికీ అదే కొలబద్ద కావడం వలన ఎందరో ఊళ్ళు విడిచారు. చిలుకూరు అర్చకులు సౌందరరాజన్ గారు ఈ విషయమై ఏండ్ల తరబడి పోరాడారు. 2007లో చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాలకు కొంత ఊరట కలిగించారు. హుండీ ఉన్నచోటనే ప్రభుత్వానికి పని, దళారికి పని. హుండీ లేని గుడి ఆ తగవులో నిలబడి మాట్లాడితే, ఆ మాటలో స్వార్థం వెదకడం కష్టం. నా మటుకు నాకు ఆ పోరాటానికున్న బలం అదే అనిపిస్తుంది.

111వ ఉత్తర్వు ఆంక్షలను తొలగిస్తూ 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు వచ్చింది. అయినా జలాశయాలకు రక్షణ ఎట్లా అన్న వివాదం తెగలేదు. రైతుకు తన భూమి విలువ కావాలి. నగరానికి చెరువు కావాలి. మఱ్ఱిచెట్ల తగవువంటిదే ఇదీను. రెండు పక్షాలలోనూ న్యాయం ఉన్నప్పుడే తగవు కష్టమవుతుంది.

ఇక వీసా. ఈ స్వామికి వీసా బాలాజీ అన్న పేరు అంటిందని పండితులు కొందరు చిన్నబుచ్చుకుంటారు. నేనూ ఒకప్పుడు ఆ పక్షమే. సాఫ్టువేరు చదువులు పెరిగిన దినాలలో, 1990ల చివర, 2000ల మొదట్లో, పాస్‌పోర్టులు చేతపట్టుకొని ప్రదక్షిణలు చేసే యువకులతో ఈ ప్రాంగణం నిండిపోయేది. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు. అది బేగంపేట పైగా ప్యాలెస్‌లో తెరుచుకొన్నది 2008 అక్టోబరులో. అంతదాకా మన పిల్లలు రాత్రి రైలెక్కి చెన్నై పోయి, తెల్లవారి వరుసలో నిలబడవలసిందే. మా అబ్బాయి అట్లా వెళ్ళినవాడే. చెన్నైలో ఎవరో తెలియని అధికారి రెండు నిమిషాలలో తన బతుకును తేల్చబోతున్నాడన్న భయం వాడిది. ఆ భయానికి ఇక్కడ ఒక చిరునామా దొరికింది, అంతే. 2023లో కాన్సులేటు నానక్‌రామ్‌గూడ కొత్త భవనంలోకి మారి చిలుకూరుకు మరింత చేరువయింది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు. ఆ భయం మళ్ళీ కొత్త రూపు ధరించింది.

వీసాల కోసమే వస్తారనుకోవడం కూడా పొరపాటు. 2024 ఏప్రిల్‌లో బ్రహ్మోత్సవాల సందర్భంగా సంతానంలేనివారికి గరుడ ప్రసాదం ఇస్తారన్న వార్త చేతిఫోన్లలో పాకి, వేలాది జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. దారులన్నీ స్తంభించాయి. ఆ జనంలో ఒక్కొక్కరి వెనుక ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని మాటలు పడ్డ పండుగలు ఉన్నాయో తలచుకుంటే నవ్వు రాదు.

2018 ఏప్రిల్ 16న జరిగిన ఒక సంఘటన కూడా ఈ గుడి చరిత్రలో చేర్చవలసినదే. చిలుకూరు అర్చకులు రంగరాజన్ గారు హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోకి ఒక దళిత యువ భక్తుణ్ణి భుజాలమీద ఎక్కించుకొని తీసుకువెళ్ళారు. దీనికి మునివాహన సేవ అని పేరు. శ్రీరంగంలో అంటరానివాడని దూరంగా నిలబెట్టిన తిరుప్పాణాళ్వారును లోకసారంగ ముని తన భుజాలమీద మోసి గర్భగుడికి తెచ్చాడని వైష్ణవ గాథ. ప్రయాణం చేయలేనివాడి దగ్గరకు దేవుడు రావడం ఒక కథ; దేవుని దగ్గరకు రానీయనివాణ్ణి అర్చకుడే మోసుకురావడం రెండవది. రెండూ ఒకే సంప్రదాయం చెప్పుకున్న కథలు. అదే రంగరాజన్ గారిమీద 2025 ఫిబ్రవరి 7న ఒక గుంపు ఆయన ఇంటికి వచ్చి దాడిచేసింది, తాము కడుతున్న దళానికి తోడ్పడలేదని. హుండీ లేనంత మాత్రాన గుడికి లోకం బాధ తప్పదు.

ఇంత దూరం వచ్చాక నా సంగతి ముగించాలి.

గుడి ముందు పూలమ్మే ఆమె నా చేతిలోని అట్టను చూసింది. "కొత్తది తీస్కోండి సారూ, పాతదాంతోని ఏం జేస్తరు?" అన్నది. పెన్సిలు మాత్రం తీసుకున్నాను. 48 నుంచి మొదలుపెట్టాను.

కాళ్ళు సహకరిస్తాయో లేదో అన్న భయం ఉండేది. మొదటి పది తిరిగేదాకా జనం ఒరిపిడి, పిల్లల ఉరుకులు, మైకులో అర్చకుల మాటలు వినబడుతూనే ఉన్నాయి. గర్భగుడి ముందు కండ్లు మూసుకోవద్దు, స్వామిని కండ్లారా చూడండి అని ఇక్కడ చెబుతూ ఉంటారు. శివాలయం పక్కగా తిరిగి వచ్చినప్పుడల్లా ఆ రోజు నేను కూర్చున్న అరుగు కనబడేది. 2006లో అక్కడ కూర్చొని నేను గడియారం చూసినప్పుడు ఆమె ఎన్నవ ప్రదక్షిణలో ఉన్నదో గుర్తు తెచ్చుకోబోయాను. అట్ట చెప్పింది 47 అని. ఆ జవాబు పత్రాలలో ఏ పిల్లవాడికి ఎన్ని మార్కులు వేశానో ఒక్కటీ గుర్తులేదు. ఆమె పోయినప్పుడు అబ్బాయి రెండు విమానాలు మారి మూడోనాటికి గాని చేరలేకపోయాడు. వాడి ప్రయాణం కోసమే ఆమె ఈ ప్రాంగణంలో నడిచింది. స్వామి కోరిక తీర్చాడు. ఆ తీర్చిన కోరిక వెల ఎంతో మాకు తరువాత తెలిసింది. అందుకు స్వామిని తప్పుపట్టను. అడిగింది మేమే.

80 దాటాక ఒకచోట ఆగి గోడను పట్టుకున్నాను. పక్కన ఒక పెద్దావిడ కూడా ఊపిరి తీసుకుంటూ అట్ట చూసింది. పాత గీతలూ కొత్త గీతలూ వేరువేరుగా ఉన్నాయి. అడిగింది, చెప్పాను. ఒకరి మొక్కు మరొకరు తీరిస్తే చెల్లుతుందా అని కూడా నేనే అడిగాను. "మీ ఇంటామె మొదలువెట్టింది, మీరు ముగిస్తున్నరు. అంతే గద సారూ" అన్నది. ధర్మశాస్త్రాలలో దీనికి ప్రమాణం వెదకగలిగేవాణ్ణే గాని, ఆ పూట అవసరం కనబడలేదు. ఇద్దరం మళ్ళీ నడవసాగాం.

108వ గడిలో గీత పెట్టేసరికి రెండు గంటలకు పైగా పట్టింది. దర్శనం చేసుకున్నాను. చెప్పినట్టే కండ్లు మూసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో మొదటి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. దానం పుచ్చుకునే గుడి దాతల చరిత్రను మిగిల్చుకుంటుంది. ఈ గుడి పుచ్చుకునేది మనిషి దగ్గరున్న పొద్దును. ధనం లేనివాడూ ఇవ్వగలిగినది అదొక్కటే. నావంటివాడు ఇవ్వడానికి పిసినారితనం చూపినదీ అదే. దానికి శాసనం ఉండదు. వారానికి 75 వేల నుంచి లక్ష మంది వస్తారని పత్రికలు రాశాయి. వారందరూ గీతలు పెట్టిన అట్టముక్కలు సంచులలో, బీరువాలలో, పాత పుస్తకాల నడుమ పడి ఉంటాయి. పెన్సిలు గీత రాతిమీది అక్షరమంత కాలం నిలవదు. నిజమే. ఎనికేపల్లి తూములో గోడలోకి తిరిగి ఉన్న రాతి అక్షరం మాత్రం ఇప్పుడెవరికి కనబడుతున్నది?

మిత్రులారా, మీలో ఎవరైనా, లేదా మీ ఇంటి పెద్దలు, జనసమ్మర్దం లేని పాతరోజులలో చిలుకూరు వెళ్ళి ఉంటే ఆనాటి గుడి ఎట్లా ఉండేదో, ఏ దారిన వెళ్ళారో, ఎందుకు వెళ్ళారో వ్యాఖ్యలలో రాయగలరు. ఎనికేపల్లి స్తంభాలను స్వయంగా చూసినవారుంటే మరీ సంతోషం. మీ ఇంట కూడా సగం గీతలున్న అట్ట ఏదైనా ఉంటే, ఈ రిటైరైన మాస్టారి మాటగా, వాయిదా వేయకండి.

స్వస్తి.